వెస్ట్ పాయింట్ ఆర్మీ ఫుట్‌బాల్ సీజన్‌ను ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అనుసరించడం ఎలా

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆర్మీ జట్టును మిగతా జట్లను చూసిన కళ్లతోనే చూస్తే రెండు మూడు మ్యాచ్‌లకే విసుగు పుడుతుంది. పొడవాటి పాసులు అరుదుగా కనిపిస్తాయి, స్కోరు నెమ్మదిగా కదులుతుంది, ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లబోయే తారల పేర్లు వ్యాఖ్యాతల నోట పెద్దగా వినిపించవు. అయినా ఈ జట్టు సీజన్‌ను వరుసగా చూడటం నేర్చుకున్నవారికి కాలేజీ ఆటల్లో ఇంతకంటే ఆసక్తికరమైనది దొరకడం కష్టమని నా అభిప్రాయం. అందుకు చూసే పద్ధతిని కొంత మార్చుకోవాలి. పాయింట్లను కాక, బంతి ఏ జట్టు చేతిలో ఎంతసేపు ఉందో, ఎన్ని విడతలు ఉందో లెక్కపెట్టడమే ఆ పద్ధతికి మూలం. న్యూజెర్సీలో ఉంటూ వెస్ట్ పాయింట్‌కు కారులో వెళ్లిరాగలిగినవారికీ, హైదరాబాదులోనో విజయవాడలోనో అర్ధరాత్రి దాకా మేలుకుని చూసేవారికీ పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలను ఎక్కువగా 2024 సీజన్ నుంచి తీసుకున్నాను, ఎందుకంటే ఈ జట్టు బలమూ బలహీనతా ఆ ఏడాది రెండూ పూర్తిగా బయటపడ్డాయి.

ముందు జట్టు కట్టుబాట్లు తెలుసుకోండి

హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్‌లో 1802లో స్థాపించిన అమెరికా సైనిక అకాడమీ విద్యార్థులే ఈ జట్టు ఆటగాళ్లు. చేరాలంటే మంచి ఆటగాడైతే చాలదు. సాధారణంగా కాంగ్రెస్ సభ్యుడి నామినేషన్ కావాలి, చదువులోనూ ఆరోగ్యంలోనూ ప్రమాణాలు అందుకోవాలి, చదువు ముగిశాక కనీసం ఐదేళ్లు సైన్యంలో పనిచేయాలి. పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకునే అవకాశం ఇతర కాలేజీ ఆటగాళ్లకు 2021 నుంచి ఉన్నా క్యాడెట్లకు (అకాడమీ విద్యార్థులకు) లేదు. గాయం లేకపోయినా ఒక ఏడాది పక్కన కూర్చుని ఐదో ఏట ఆడే వెసులుబాటు ఇతర కాలేజీల్లో మామూలు, ఇక్కడ నాలుగేళ్లకు పట్టా పుచ్చుకుని వెళ్లిపోవాల్సిందే. పట్టా పొందేనాటికి సైన్యం నిర్దేశించిన బరువు ప్రమాణాల్లోకి రావాలి కనుక, పెద్ద కాలేజీల్లో కనిపించే భారీకాయులైన లైన్‌మన్లను (ముందు వరుసలో ప్రత్యర్థులను నెట్టే ఆటగాళ్లను) ఇక్కడ పెంచి పోషించడం కుదరదు.

ఈ కట్టుబాట్లను సానుభూతి కోసం చెప్పడం లేదు. మైదానంలో మీరు చూసే ప్రతి నిర్ణయం వీటి నుంచే పుడుతుంది. తేలికపాటి లైన్‌మన్లతో, మెరుపు వేగం లేని రిసీవర్లతో (పాసులు అందుకునేవారితో) మామూలు పద్ధతిలో ఆడితే ఏమవుతుందో 2003లో తేలిపోయింది. ఆ ఏడాది ఆర్మీ ఆడిన 13 మ్యాచ్‌లలోనూ ఓడింది. 2014 సీజన్ నుంచి ప్రధాన కోచ్‌గా ఉన్న జెఫ్ మాంకెన్ అంతకుముందు నౌకాదళ అకాడమీ జట్టైన నేవీలో సహాయ కోచ్‌గానూ, జార్జియా సదరన్‌లో ప్రధాన కోచ్‌గానూ పనిచేసి, ఆప్షన్ ఆటను క్షుణ్ణంగా నేర్చుకుని వచ్చినవాడు. బలం తక్కువైన జట్టు బలమైన జట్టుతో సమానంగా నిలబడాలంటే మ్యాచ్‌నే చిన్నది చేయాలన్నది ఆయన ఆటతీరులోని అసలు సంగతి.

ఆప్షన్ ఆటను ఒక సాయంత్రం కూర్చుని అర్థం చేసుకోండి

ఆటకు కొత్తవారికి కనీస నియమాలు ఇవి. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. బంతి ఉన్న వైపు అఫెన్స్, దాన్ని ఆపే వైపు డిఫెన్స్. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి (ఇదే ఫస్ట్ డౌన్), లేకపోతే బంతి ఎదుటివారిది అవుతుంది. బంతిని ఎదుటివారి ఎండ్ జోన్‌లోకి (మైదానం చివరి పట్టీలోకి) చేర్చే టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు, దాని తర్వాతి కిక్కుకు 1, బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కు 3, ప్రత్యర్థిని అతడి సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే (దీన్ని సేఫ్టీ అంటారు) 2. పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు.

ఇక ఆప్షన్. లైన్ మధ్యలో ఉండే సెంటర్ చేతినుంచి బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపేవాడు) దాన్ని తన పక్కగా దూసుకువచ్చే ఫుల్‌బ్యాక్ పొట్టకు ఆనిస్తాడు, కానీ వెంటనే వదలడు. ఆ అర సెకనులో ఎదుటి డిఫెన్స్‌లో ఒక ఆటగాడి వైపు చూస్తాడు. ఆ ఆటగాడిని ఎవరూ అడ్డుకోకుండా కావాలనే వదిలేసి ఉంటారు. అతడు ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే క్వార్టర్‌బ్యాక్ బంతి వెనక్కి లాక్కుని పక్కకు పరుగెత్తుతాడు, రాకపోతే ఫుల్‌బ్యాక్‌కే వదిలేస్తాడు. పక్కకు పరుగెత్తాక రెండో ఆటగాడు ఎదురవుతాడు. అతడు క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతిని వెంట వస్తున్న స్లాట్‌బ్యాక్‌కు విసురుతాడు, స్లాట్‌బ్యాక్‌ను కాచుకుంటే తానే పరుగెత్తుతాడు. డిఫెన్స్‌లో ఇద్దరిని అడ్డుకోకుండా వదిలేసినందువల్ల మిగిలినవారిని అడ్డుకోవడానికి ఆర్మీకి ఇద్దరు మనుషులు అదనంగా దొరుకుతారు. బరువు తక్కువైన లైన్ బరువైన లైన్‌ను ఎలా నెట్టుకొస్తోందన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

దీన్ని టీవీలో పట్టుకోవాలంటే బంతిని చూడటం మానేయాలి. ఆటగాళ్లు వరుసగా నిలుచున్నప్పుడే డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ ముందు వరుస చివర నిలబడేవాడు) ఎవరో గుర్తుపెట్టుకుని, బంతి కదలగానే అతడి భుజాలు లోపలికి తిరిగాయా, నిటారుగా ఉన్నాయా అన్నది మాత్రమే చూడండి. కెమెరా తరచుగా ఫుల్‌బ్యాక్ వెంటపడి మోసపోతుంది, మీరు మోసపోనవసరం లేదు. మొదటి క్వార్టర్ అంతా ఈ ఒక్క పనే చేస్తే, రెండో క్వార్టర్ నాటికి బంతి ఎవరి దగ్గరకు వెళ్లబోతోందో ముందే చెప్పగలుగుతారు.

ఇక్కడ ఒక నియమం మార్పును గుర్తుంచుకోవాలి. నడుము కింద తగిలేలా అడ్డుకోవడంపై 2022లో కాలేజీ ఆటలను నిర్వహించే ఎన్‌సీఏఏ కఠినమైన పరిమితులు విధించింది. మైదానం అంచుల దగ్గర స్లాట్‌బ్యాక్‌లు పెద్ద ఆటగాళ్ల కాళ్లకు అడ్డుపడి పడగొట్టే పాత పద్ధతి దీనితో పోయింది. 2023లో ఆర్మీ క్వార్టర్‌బ్యాక్‌ను వెనక్కి నిలబెట్టే షాట్‌గన్ ఆటవైపు మళ్లి, లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) చేతిలో 62-0తో చిత్తయి, మొత్తం మీద ఆరు గెలుపులు, ఆరు ఓటములతో సరిపెట్టుకుంది. ఆ ఆరు విజయాల్లో రెండు కింది విభాగపు జట్ల మీద వచ్చాయి. అలాంటి విజయాల్లో ఒకటే లెక్కకు వస్తుంది కనుక ఆ ఏడాది సీజన్ ముగిశాక ఆడే బౌల్ మ్యాచ్ కూడా దక్కలేదు. 2024లో కోడీ వర్లీని అఫెన్స్ సమన్వయకర్తగా నియమించి, పాత ఆప్షన్‌ను కొత్త నియమాలకు తగ్గట్టు మలచుకుని మళ్లీ పట్టాలెక్కించారు. పాత వీడియోలు చూసి నేర్చుకునేవారు 2022కు ముందువీ తర్వాతవీ వేరుగా చూడాలి, ఎందుకంటే పైకి ఒకటే ఆటలా కనిపించినా మైదానం అంచున జరిగేది వేరు.

క్యాలెండరును ఇలా అమర్చుకోండి

సీజన్ ఆగస్టు చివర మొదలై 12 మ్యాచ్‌లు నడుస్తుంది. ఆర్మీ 2024 నుంచి ఫుట్‌బాల్ వరకు అమెరికన్ కాన్ఫరెన్స్‌లో (2025 దాకా దాని పేరు అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్) సభ్యురాలు. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీపడే జట్ల కూటమి. అంతకుముందు 2005 నుంచి ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా స్వతంత్రంగా ఆడింది. అందువల్ల షెడ్యూలు రాగానే మ్యాచ్‌లను మూడు కుప్పలుగా విడదీయండి. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఒక కుప్ప, బయటి జట్లతో ఆడేవి మరొకటి, ఎయిర్ ఫోర్స్, నేవీలతో ఆడే రెండు మ్యాచ్‌లు మూడోది. నేవీ కూడా ఇదే కాన్ఫరెన్స్‌లో ఉన్నా, ఆర్మీ-నేవీ మ్యాచ్ ఫలితాన్ని కాన్ఫరెన్స్ పట్టికలో కలపరు. చాలామంది మొదటిసారి ఇక్కడే తికమకపడతారు.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీల మధ్య పోటీకి కమాండర్ ఇన్ చీఫ్ ట్రోఫీ అని పేరు, 1972 నుంచి ఇస్తున్నారు. మూడు జట్లూ తలా ఒకటి గెలిచి సమానమైతే, అంతకుముందు ట్రోఫీ ఎవరి దగ్గర ఉందో వారి దగ్గరే ఉండిపోతుంది. ఈ రెండు మ్యాచ్‌ల ఫలితాన్ని పట్టికలో ఉన్న గెలుపోటముల ఆధారంగా ఊహించకండి. 2023 నవంబరులో ఎయిర్ ఫోర్స్ వరుసగా 8 గెలిచి, ఓటమి ఎరగకుండా డెన్వర్‌లో ఆర్మీ ఎదుట నిలిచింది. వరుస ఓటములతో వచ్చిన ఆర్మీ 23-3తో గెలిచింది.

భారతదేశంలో ఉన్నవారు సమయాలను ఒకసారి సరిచూసుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే మ్యాచ్ మనకు శనివారం రాత్రి 9:30కు పడుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక అదే మ్యాచ్ 10:30కు మారుతుంది. వెస్ట్ పాయింట్‌లో మధ్యాహ్నపు మ్యాచ్‌లు ఎక్కువ కావడం మనకు అదృష్టమే. డిసెంబరులో జరిగే నేవీ మ్యాచ్ మాత్రం సాధారణంగా అక్కడ మధ్యాహ్నం 3 గంటలకు మొదలవుతుంది కనుక, మనకు తెల్లవారితే ఆదివారం అనగా 1:30 అవుతుంది. ఆ ఒక్క రాత్రికి ముందే నిద్ర సర్దుబాటు చేసుకోండి. అమెరికాలో ఉన్నవారికి సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లు ఎక్కువగా సీబీఎస్ స్పోర్ట్స్ నెట్‌వర్క్‌లోనూ, నేవీ మ్యాచ్ సీబీఎస్‌లోనూ వస్తాయి. ఆ చానల్ మీ ప్యాకేజీలో ఉందో లేదో ఆగస్టులోనే చూసుకోవడం మేలు, మ్యాచ్ రోజు పదకొండున్నరకు వెతుక్కోవడం కంటే.

నోటుబుక్కులో ఏం రాయాలి

స్కోరు ఎలాగూ తెర మీద ఉంటుంది, దాన్ని రాయనవసరం లేదు. ఒక్కో జట్టుకు బంతి చేతికొచ్చిన ప్రతిసారీ ఒక వరుస రాయండి. ఎక్కడ మొదలైంది, ఎన్ని ప్రయత్నాలు ఆడారు, గడియారంలో ఎంత సమయం కరిగింది, ఎలా ముగిసింది అన్న నాలుగు విషయాలు చాలు. మామూలు కాలేజీ మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు పన్నెండు అటూ ఇటూగా విడతలు దొరుకుతాయి. ఆర్మీ మ్యాచ్‌లో అవి ఎనిమిది, తొమ్మిదికి పడిపోవడం సాధారణం. రెండు ప్రయత్నాల మధ్య ఇచ్చే 40 సెకన్లను ఆర్మీ చివరి క్షణాల దాకా వాడుకుంటుంది. పైగా 2023 నుంచి, ప్రతి అర్ధభాగంలోని చివరి రెండు నిమిషాలు మినహా, ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడు గడియారం ఆపడం మానేశారు. ఈ మార్పు ఎవరికోసం తెచ్చారోగానీ ఆర్మీకి బాగా కలిసివచ్చింది.

ఈ వరుసల విలువ ఎంతో చెప్పడానికి 2018 సెప్టెంబరులో ఒక్లహోమాతో జరిగిన మ్యాచ్ చాలు. ఒక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మరే ఆ ఏడాది కాలేజీ ఆటలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు, అలాంటి వాడి చేతికి బంతి రాకుండా చేయడమే ఆర్మీ వ్యూహం. నిర్ణీత సమయంలో దాదాపు 45 నిమిషాలు బంతి ఆర్మీ దగ్గరే ఉంది. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లి ఒక్లహోమా 28-21తో గట్టెక్కింది. స్కోరు మాత్రమే చూసినవారికి ఇది ఒక ఓటమి. విడతల లెక్క రాసుకున్నవారికి ఆ రాత్రి జరిగినది వేరేలా కనిపిస్తుంది: దేశంలోని అత్యుత్తమ అఫెన్స్ చాలాసేపు బెంచీ మీద కూర్చుని చూస్తూ గడిపింది.

2024 నవంబరులో నార్త్ టెక్సస్ మీద జరిగిన మ్యాచ్ మరో పాఠం. ఆర్మీ 94 గజాల దూరాన్ని 21 ప్రయత్నాల్లో దాటి టచ్‌డౌన్ చేసింది, ఆ ఒక్క డ్రైవ్‌కే (ఒక విడత ఆటకే) 13 నిమిషాల 54 సెకన్లు పట్టింది. అంటే దాదాపు ఒక క్వార్టర్ మొత్తం. టెస్ట్ మ్యాచ్‌లో కొత్త బంతిని కాచుకుంటూ పాతుకుపోయిన ఓపెనర్‌ను ఆస్వాదించడం తెలిసిన మనవాళ్లకు ఈ డ్రైవ్ రుచి వెంటనే తెలుస్తుంది. ఆ మ్యాచ్ 14-3తో ముగిసింది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ రికార్డింగు మాత్రమే చూసే సమయం ఉంటే, 40 పాయింట్లు దాటిన పెద్ద విజయాలను వదిలేసి దీన్నే చూడమంటాను.

నోటుబుక్కులో మరొక గడి నాలుగో ప్రయత్నానికి కేటాయించండి. ఇతర జట్లు నాలుగో ప్రయత్నంలో బంతిని తన్ని వదిలించుకునే చోట ఆర్మీ తరచుగా ఆడేస్తుంది. దీన్ని తెగింపు అనుకోవడం పొరపాటు. మూడు ప్రయత్నాలకు ఒక్కోదానికి మూడు గజాల చొప్పున వచ్చినా నాలుగోదానికి ఒక్క గజమే మిగులుతుంది, ఆ ఒక్క గజం తెచ్చే నమ్మకం ఉన్న జట్టుకు అది లెక్కప్రకారం సరైన పని. మూడో ప్రయత్నంలో ఇంకా ఏడెనిమిది గజాలు మిగిలి ఉంటే మాత్రం కంగారుపడండి. ఆర్మీకి అసలు ప్రమాదం అక్కడే ఉంది. ముందే బయలుదేరినందుకు పడే 5 గజాల జరిమానా, ఇతర జట్లకు చిన్న చిరాకైతే, ఈ జట్టుకు ఒక విడత మొత్తాన్ని ముంచేస్తుంది. నేవీకి కూడా అంతే. 2017లో ఫిలడెల్ఫియా మంచులో చివరి క్షణాల్లో నేవీకి అలాంటి జరిమానాలు పడి, ఫీల్డ్ గోల్ దూరం 48 గజాలకు పెరిగింది. కిక్ గురితప్పింది. ఆర్మీ 14-13తో గెలిచింది.

2024ను నమూనాగా పెట్టుకోండి

ఆ సీజన్‌లో ఆర్మీ తొలి తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. సగటున మ్యాచ్‌కు సుమారు 300 గజాలు పరుగుతోనే సాధించి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డెయిలీ పరుగుతో 32 టచ్‌డౌన్లు చేసి హైస్‌మన్ ఓటింగులో ఆరో స్థానం పొందాడు. అఫెన్సివ్ లైన్‌కు దేశంలోనే ఉత్తమమైనదిగా జో మోర్ అవార్డు వచ్చింది. పైన చెప్పిన బరువు ప్రమాణాలను గుర్తుచేసుకుంటే డెయిలీ పేరు కంటే ఈ అవార్డే పెద్ద విషయమని తోస్తుంది. ఎయిర్ ఫోర్స్ మ్యాచ్‌కు డెయిలీ అందుబాటులో లేకపోయినా 20-3తో గెలవడం దానికి మరో సాక్ష్యం.

తర్వాత నవంబరు 23న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో నోట్రడామ్ 49-14తో ఓడించింది. ఈ ఓటమిని జాగ్రత్తగా చదవాలి. ముందంజలో ఉన్నప్పుడు గడియారాన్ని కరిగించే ఆట, రెండు మూడు టచ్‌డౌన్ల వెనకబడినప్పుడు అదే గడియారానికి బలైపోతుంది. నెమ్మదిగా ఆడే జట్టుకు తొందరగా ఆడటం రాదు, అలవాటు లేని పాసులు వేయాల్సి వస్తుంది. అందుకే ఆర్మీ మ్యాచ్‌లో తొలి రెండు విడతలకు ఇతర జట్ల మ్యాచ్‌లలో కంటే ఎక్కువ విలువ ఇవ్వండి. డిఫెన్స్ మొదట్లోనే రెండుసార్లు తెగితే ఆ రోజు కష్టమే.

వారం తిరిగేసరికి టెక్సస్-శాన్ ఆంటోనియో మీద 29-24తో గట్టెక్కి, డిసెంబరు 6న సొంత మైదానంలో టులేన్‌ను 35-14తో ఓడించి కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది. 1890లో ఆట మొదలుపెట్టిన జట్టుకు అది చరిత్రలో తొలి కాన్ఫరెన్స్ టైటిల్. 1944, 45, 46లలో ఎర్ల్ బ్లెయిక్ కోచింగ్‌లో, ఆటగాళ్లు డాక్ బ్లాంచర్డ్, గ్లెన్ డేవిస్‌లతో జాతీయ విజేతగా నిలిచిన రోజుల్లో ఆర్మీ ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు మరి.

ర్యాంకింగుల విషయంలో ఒక హెచ్చరిక. జాతీయ విజేతను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లోకి అత్యుత్తమ ర్యాంకు పొందిన ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు నేరుగా చోటిస్తామన్నారు, 2024లో ఆ చోట్లలో ఒకటి బోయిసీ స్టేట్‌కు వెళ్లింది. 11 గెలిచి 1 ఓడిన ఆర్మీకి దక్కలేదు. ఎంపిక డిసెంబరు 8న జరిగింది, నేవీతో మ్యాచ్ ఆ తర్వాతి శనివారం. అంటే ఆ మ్యాచ్ ఫలితం ఎంపికలో లెక్కకు రానే రాదు. కనుక నవంబరులో ప్రతి మంగళవారం వెలువడే ర్యాంకులను ఒక కంట చూడండి, వాటి చుట్టూ మీ సీజన్‌ను అల్లుకోకండి.

మిచీ స్టేడియానికి వెళ్లేవారికి

ఆర్మీ సొంత మైదానమైన ఈ స్టేడియం న్యూయార్క్ నగరం నుంచి ఉత్తరంగా సుమారు 50 మైళ్లు. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఒక రోజులో హాయిగా ముగిసే ప్రయాణం. అక్టోబరులో వెళ్లండి. కొండలనిండా ఆకులు రంగు మారి ఉంటాయి, స్టేడియం పక్కనే లస్క్ జలాశయం ఉంటుంది, నవంబరు చలి ఇంకా మొదలవదు. ఇది పనిచేస్తున్న సైనిక స్థావరం అన్న సంగతి మరిచిపోకండి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, పెద్దలందరి దగ్గరా చెల్లుబాటయ్యే ప్రభుత్వ గుర్తింపు పత్రం ఉండాలి. భారతీయ పాస్‌పోర్టుతో ఉన్న తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారు విదేశీ సందర్శకుల నిబంధనలను అకాడమీ అధికారిక పేజీలో ముందే చదువుకోవాలి. సంచులు పారదర్శకంగా ఉండాలన్న నియమం ఉంది కనుక పులిహోర డబ్బాలను కారులోనే ఉంచి, ఆటకు ముందు పార్కింగులోనే తినేయడం ఉత్తమం.

ఆట సమయానికి చేరుకుంటే సగం పోగొట్టుకున్నట్టే. చాలా హోమ్ మ్యాచ్‌ల రోజున ప్లెయిన్ అనే మైదానంలో క్యాడెట్ల కవాతు జరుగుతుంది, దానికోసం కొన్ని గంటల ముందే చేరాలి. ఆటకు ముందు పారాచూట్ బృందం ఆకాశం నుంచి స్టేడియంలోకి దిగుతుంది. క్యాడెట్లు ఆట జరిగినంతసేపూ నిలబడే ఉంటారు. ఆర్మీ పాయింట్లు సాధించినప్పుడు ఎండ్ జోన్ వెనక పుషప్‌లు తీసేవారిని గమనించండి, స్కోరు పెరిగేకొద్దీ వారి కష్టమూ పెరుగుతుంది. స్టేడియానికి పేరు వచ్చిన డెనిస్ మిచీ, 1890లో నేవీ సవాలును స్వీకరించి ఆర్మీ తొలి జట్టును కూడగట్టిన క్యాడెట్. 1898లో స్పెయిన్‌తో యుద్ధంలో క్యూబాలో మరణించాడు. స్టేడియం 1924లో తెరిచారు.

డిసెంబరు రెండో శనివారం

ఆర్మీ-నేవీ మ్యాచ్‌కు సిద్ధమవడం ఒక ప్రత్యేకమైన పని. ఇది సాధారణంగా ఇద్దరిలో ఎవరి మైదానంలోనూ కాకుండా మధ్యస్థ నగరంలో, ఎక్కువసార్లు ఫిలడెల్ఫియాలో జరుగుతుంది. 2020లో కోవిడ్ కారణంగా మిచీ స్టేడియంలోనే ఆడారు. 2009 నుంచి ఇతర పెద్ద జట్ల మ్యాచ్‌లు దాదాపుగా పోటీకి లేని డిసెంబరు రెండో శనివారానికి మార్చడం వల్ల దేశం మొత్తం దీన్నే చూస్తుంది. 2024లో జరిగినది 125వ మ్యాచ్, అందులో నేవీ 31-13తో గెలిచింది. దానితో నేవీ 63, ఆర్మీ 55 విజయాలకు చేరాయి, 7 మ్యాచ్‌లు సమంగా ముగిశాయి.

ఈ మ్యాచ్‌లో పెద్ద స్కోరు ఆశించకండి. మిగతా ప్రత్యర్థులకు ఆప్షన్‌ను ఎదుర్కొనే సాధనకు ఒక వారమే దొరుకుతుంది, నేవీ డిఫెన్స్ మాత్రం అలాంటి ఆటను తన సొంత అఫెన్స్‌లోనే చూస్తూ పెరుగుతుంది. 2020లో 15-0, 2023లో 17-11 వంటి ఫలితాలకు కారణం అదే. 2023 మ్యాచ్ చివరి దృశ్యం విడిగా చూడదగ్గది. గోల్ గీతకు అంగుళాల దూరంలో నాలుగో ప్రయత్నంలో నేవీని ఆపేసిన ఆర్మీ, మిగిలిన మూడు సెకన్లలో ఏ ప్రమాదమూ జరగకుండా తన ఎండ్ జోన్‌లోనే ఉద్దేశపూర్వకంగా రెండు పాయింట్లు వదులుకుని మ్యాచ్ ముగించింది. పైన చెప్పిన సేఫ్టీ నియమం ఎందుకు గుర్తుంచుకోవాలో ఇప్పుడు తెలుస్తుంది.

టీవీని ఆటకు చాలా ముందే పెట్టండి. రెండు అకాడమీల విద్యార్థులు బారులు తీరి మైదానంలోకి నడిచి వస్తారు, ఒక సెమిస్టరు పాటు ఎదుటి అకాడమీలో చదివిన విద్యార్థులను ‘ఖైదీల మార్పిడి’ పేరుతో ఎవరి వైపుకు వారిని అప్పగిస్తారు. ఆట ముగిశాక చానల్ మార్చకండి. ముందు ఓడిన జట్టు విద్యార్థుల దగ్గరకు ఇరు జట్లూ వెళ్లి నిలబడి వారి అకాడమీ గీతం వింటాయి, ఆ తర్వాత గెలిచినవారి గీతం. రెండోసారి పాడటమే గెలుపు అన్న మాట ఈ ఇద్దరి మధ్య వాడుక.

సీజన్ ముగిశాక

ఆరు విజయాలు లెక్కకు వస్తే బౌల్ మ్యాచ్ ఉంటుంది. 2018లో ఆర్మీ హ్యూస్టన్‌ను 70-14తో ఓడించిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బౌల్, 2024లో లూసియానా టెక్‌ను 27-6తో ఓడించిన ఇండిపెండెన్స్ బౌల్ చూడదగ్గవి. కానీ బౌల్‌కు ముందే, డిసెంబరులో, ఆటగాళ్ల బదిలీల వార్తలు మొదలవుతాయి. మూడో ఏడాది ప్రారంభంలో క్యాడెట్లు సైనిక సేవకు కట్టుబడి ప్రమాణం చేస్తారు, అంతకుముందు వెళ్లిపోతే సేవా బాధ్యత ఉండదు. అందుకే ఏ ఆటగాళ్లు వెళ్లే అవకాశం ఉందో తెలుసుకోవాలంటే రెండో ఏడాదివారి పేర్లు చూడండి. 2024లో వెయ్యి గజాలు దాటిన రన్నింగ్ బ్యాక్ కాన్యే ఉడో రెండో ఏడాదిలోనే జట్టును వీడి అరిజోనా స్టేట్‌లో చేరాడు.

ఆపై మీ నోటుబుక్కులో వచ్చే ఏడాది కోసం ఒక పేజీ తీయండి. మే నెలలో పట్టా పొంది వెళ్లిపోయే నాలుగో ఏడాదివారి పేర్లు కొట్టేసి, అఫెన్సివ్ లైన్‌లో ఐదు స్థానాలకు ఎంతమంది మిగిలారో రాసుకోండి. క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న చర్చ పత్రికల్లో ఎలాగూ నడుస్తుంది, ఆర్మీ విషయంలో నేను ముందు ఆ ఐదు గడులే చూస్తాను. వసంతకాలపు సాధన ముగిసేసరికి వాటిలో కనీసం మూడు నిండితే, అక్టోబరు నెల హోమ్ మ్యాచ్‌లకు టికెట్లు ముందే కొనుక్కోవచ్చు.